రేస్ గ్రిడ్ దాకా ఏ దారిన వెళ్లాలి? ఔత్సాహిక డ్రైవర్ల కోసం ఒక పోలిక

ఎడమకీ కుడికీ మలుపులు, ఎత్తుపల్లాలు, గట్టిగా బ్రేక్ నొక్కాల్సిన చోట్లు ఉన్న సర్క్యూట్ మీద జరిగే పోటీనే రోడ్ కోర్స్ రేసింగ్ అంటారు. ఏడెనిమిదేళ్ల వయసులో కార్ట్ ఎక్కిన పిల్లలకి దారి చూపేవాళ్లు ఇంట్లోనో టీమ్‌లోనో ఉంటారు. అసలు తికమకంతా ఉద్యోగంలో కుదురుకున్నాక, ముప్పైల్లోనో నలభైల్లోనో ఈ పిచ్చి పట్టినవాళ్లది. కార్టింగా, సిమ్యులేటరా, ట్రాక్ డేలా, రేసింగ్ స్కూలా? కారు కొనాలా, అద్దెకు తీసుకోవాలా? నలుగురిని అడిగితే నాలుగు సలహాలు వస్తాయి. ప్రతివాళ్లూ తాము వచ్చిన దారే రాజమార్గం అంటారు.

ఇక్కడ అన్నింటినీ ఒకే కొలతతో చూస్తున్నాను. పెట్టిన డబ్బుకి ఎంతసేపు స్టీరింగ్ మన చేతిలో ఉంటుంది, ఆ కాసేపట్లో మన తప్పు మనకి తెలిసొస్తుందా? అంతే. ఇంజిన్ ఎంత పవర్ ఇస్తుంది, కారు ఎంత అందంగా ఉంది అన్నవి ఈ లెక్కలోకి రావు.

వయసు సంగతి ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1972లో రేసుల్లోకి దిగేటప్పటికి ఆయన వయసు 47. 1979లో ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో రెండో స్థానం తెచ్చుకున్న కారుని నడిపిన ముగ్గురిలో ఆయనొకరు. 1995లో అమెరికాలోని డేటోనా 24 గంటల రేసులో తన క్లాస్ (అదే రేసులో ఒకే తరహా కార్ల విభాగం) గెలిచిన జట్టులో ఉన్నప్పుడు ఆయనకి 70 ఏళ్లు. ఆయన దగ్గర డబ్బుంది, తీరిక ఉంది, నిజమే. అయినా 70 ఏళ్లకి మెరుపు రిఫ్లెక్స్‌లు ఎవరికీ మిగలవు. ఈ ఆటలో చూపు, ఓపిక, ఒకే పనిని వందసార్లు ఒకేలా చేయగలగడం ఎక్కువ పనికొస్తాయి.

మొదటి మెట్టు ఎక్కడ?

అద్దె కార్ట్‌లతో మొదలుపెడదాం. అన్నిటికన్నా చవక ఇదే, అందరూ చులకనగా చూసేదీ ఇదే. కార్ట్‌కి వెనుక ఇరుసు ఒకే కడ్డీ, రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో లోపలివైపు వెనుక చక్రం మీద బరువు పోయి అది కాస్త లేస్తేనే బండి సరిగ్గా తిరుగుతుంది. స్టీరింగ్ మరీ ఎక్కువ తిప్పినా, బ్రేక్ ఆలస్యంగా వదిలినా ఇంజిన్ నీరసపడిపోయి ఆ తప్పు వెంటనే చెవికి వినిపిస్తుంది. దానికితోడు పక్కనే ఇంకో అయిదారుగురు నిజంగా పోటీ పడుతుంటారు. ఓవర్‌టేక్ చేయడం, దారి కాపాడుకోవడం ఇంత తక్కువ ఖర్చులో ఇంకెక్కడా రావు. పోటీ స్థాయి కార్ట్‌లది వేరే లోకం. 125 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ దాదాపు 30 హార్స్‌పవర్ ఇస్తుంది, పక్కటెముకలకి రక్షణ కవచం తప్పనిసరిగా వేసుకోవాల్సినంత గట్టిగా కుదుపుతుంది. అందులోకి దిగితే అదే ఒక పూర్తి వ్యాపకం. కార్ల రేసింగే లక్ష్యమైనప్పుడు నెలకోసారి అద్దె కార్ట్ చాలు.

ఆటోక్రాస్ అంటే ఖాళీ మైదానంలో కోన్లు పెట్టి ఒక్కొక్కరుగా టైమ్ మీద నడపడం. ఒక పరుగు నిమిషం అటూఇటూ ఉంటుంది. అమెరికాలో స్పోర్ట్స్ కార్ క్లబ్ (ఎస్‌సీసీఏ) నడిపే పోటీల్లో ఒక కోన్ పడేస్తే రెండు సెకన్లు కలుపుతారు. కారు పట్టు తప్పే అంచు ఎలా ఉంటుందో గోడల భయం లేకుండా తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. చిక్కల్లా రోజంతా ఎండలో నిలబడి, కోన్లు ఎత్తిపెట్టి, మొత్తం మీద నడిపేది పది నిమిషాల లోపే కావడం. సరదాగా ఒక ఆటగా ఆడుకోవడానికి బాగుంటుంది కానీ, రోడ్ రేసింగ్‌కి మెట్టుగా చూస్తే నా లెక్కలో వెనకబడుతుంది.

సిమ్యులేటర్ గురించి రెండు రకాల అతి వినిపిస్తుంది. ఒకటి, అదంతా వీడియో గేమ్ అని కొట్టిపారేయడం. రెండోది, ఇంట్లో కూర్చునే రేసర్ అయిపోవచ్చనడం. 2008లో మొదలైన ఐరేసింగ్ లాంటి వాటిలో సర్క్యూట్లని లేజర్‌తో స్కాన్ చేసి తయారుచేస్తారు కాబట్టి ఏ మలుపు తర్వాత ఏది, రోడ్డు ఎక్కడ ఏటవాలుగా ఉందో ముందే ఒంటబడుతుంది. రెండోవైపు వాదించేవాళ్లు వీడియో గేమ్ ఆడేవాళ్లలోంచి రేసర్లని ఎంచిన జీటీ అకాడమీ పోటీని చూపిస్తారు. అందులో గెలిచిన లూకాస్ ఒర్డోనెజ్ 2011లో లె మాన్‌లో తన క్లాస్‌లో రెండో స్థానం తెచ్చుకున్న జట్టులో ఉన్నాడు. కానీ గెలిచాక అతనికి నిస్సాన్ ఇచ్చిన శిక్షణ, నిజం కార్లలో ఇప్పించిన రేసులు వాళ్లు చెప్పరు. సిమ్‌లో శరీరానికి బరువు తెలియదు, గోడ భయం ఉండదు, బాగుచేయించే బిల్లూ రాదు. నా సలహా, సిమ్‌ని ఒక దారిగా కాక మిగతా అన్నిటికీ తోడుగా పెట్టుకోండి. కొనేటప్పుడు ఖరీదైన స్టీరింగ్ మీద కన్నా, పాదం ఎంత దూరం కదిలిందని కాక ఎంత ఒత్తిడి పెట్టిందని కొలిచే లోడ్ సెల్ బ్రేక్ పెడల్ మీద ముందు డబ్బు పెట్టండి.

రేసింగ్ స్కూల్లో గంటకి పడే ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ. రెండు మూడు రోజుల కోర్సులో స్కూలు కారు, స్కూలు టైర్లు, నేర్పడమే వృత్తిగా పెట్టుకున్న కోచ్‌లు ఉంటారు, కొన్ని చోట్ల లైసెన్స్‌కి కావలసిన సంతకం కూడా అక్కడే దొరుకుతుంది. అయితే మొదటి రోజే అక్కడికి వెళ్లడం దండగ. టెన్షన్‌తోనే సగం పాఠం ఆవిరైపోతుంది. మూడు నాలుగు ట్రాక్ డేల తర్వాత వెళ్తే, అడగడానికి మీ దగ్గర సొంత ప్రశ్నలు ఉంటాయి.

ట్రాక్ డే: ఎక్కువమందికి సరైన దారి

సొంత కారుతోనే సర్క్యూట్ మీదికి వెళ్లి, పోటీ లేకుండా నడపడం ట్రాక్ డే. దీంట్లోనూ రెండు పద్ధతులున్నాయి. కొన్ని చోట్ల పిట్ లేన్ (కార్లు ఆగే చోటు నుంచి ట్రాక్ మీదికి వెళ్లొచ్చే దారి) రోజంతా తెరిచి ఉంచుతారు, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వెళ్లొచ్చు. ఇంకొన్ని చోట్ల అనుభవాన్నిబట్టి గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపుకి ఇరవై నుంచి ముప్పై నిమిషాల సెషన్లు రోజుకి నాలుగైదు ఇస్తారు. కొత్తవాళ్లకి నిస్సందేహంగా రెండోదే మంచిది. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉంటారు. ఓవర్‌టేక్ చేయాలంటే ముందున్న డ్రైవర్ చేయి చూపించి దారివ్వాలి, అదీ మలుపుల్లేని తిన్నని చోట్ల, అంటే స్ట్రెయిట్ల మీదే. రోజు మొత్తం మీద గంటన్నర నుంచి రెండు గంటల డ్రైవింగ్ దొరుకుతుంది. ఆటోక్రాస్‌తో పోల్చుకుంటే దాదాపు పది రెట్లు, లేదా అంతకన్నా ఎక్కువ.

నిర్వాహకుల్ని ఎంచుకునేటప్పుడు నాలుగు విషయాలు అడగండి. పొద్దున్న డ్రైవర్ల మీటింగ్ తప్పనిసరా? జెండాలు ఊపే మార్షల్స్ ఎన్ని పోస్టుల్లో ఉంటారు? అంబులెన్స్ అక్కడే ఉంటుందా? కొత్తవాళ్లకి ఇన్‌స్ట్రక్టర్‌ని ఇస్తారా, లేక 'కావాలంటే అడగండి' అంటారా? ఈ చివరి ప్రశ్నకి నసిగితే ఇంకో చోటు చూసుకోవచ్చు.

ఇన్‌స్ట్రక్టర్ విలువ ఎక్కడుందో ఒక్క మలుపు దగ్గర చూస్తే అర్థమవుతుంది. కొత్త డ్రైవర్ చూపు బానెట్ ముందు ఇరవై మీటర్ల దగ్గరే అతుక్కుని ఉంటుంది. బ్రేక్ మీద కాలు పడగానే ఇంకా దగ్గరికి వచ్చేస్తుంది. కారు మలుపులోకి తిరిగాక గానీ అపెక్స్ (మలుపు లోపలి అంచుకి కారు బాగా దగ్గరగా రావాల్సిన చోటు) కోసం వెతకడు, అది కనిపించేసరికి దాటిపోయి ఉంటాడు. స్టీరింగ్ ఇంకొంచెం తిప్పుతాడు, ముందు టైర్లు కీచుమంటాయి, యాక్సిలరేటర్ ఎత్తేస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ స్టీరింగ్ ముట్టుకోరు, బ్రేక్ గురించి మాట్లాడరు. 'చూపు ఎత్తు, బయటికెళ్లే చోటు చూడు' అని మాత్రం అంటారు. నాలుగో ల్యాప్‌కి చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి. ఒంటరిగా నడిపితే ఇదే విషయం పట్టుకోవడానికి ఒక సీజన్ పట్టొచ్చు, అసలు పట్టుబడకపోనూవచ్చు.

ఏ సర్క్యూట్ అన్నదీ ఎంపికే. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ మీద నేర్చుకోవాలని చాలామందికి కోరిక. ఆ చుట్టు పొడవు 20.8 కిలోమీటర్లు. కొత్తవాళ్లకి ఒక ల్యాప్‌కి పది నిమిషాల పైనే పడుతుంది, అంటే గంటన్నరలో ఒక్కో మలుపు ఎనిమిదిసార్లు చూస్తే గొప్ప. మూడు కిలోమీటర్ల మామూలు సర్క్యూట్‌లో అదే సమయంలో అదే మలుపుని నలభైసార్లకి పైగా తిప్పొచ్చు. నేర్చుకునేది ఆ నలభైలోనే.

మామూలు వాహన బీమా చాలావరకు సర్క్యూట్ మీద జరిగే నష్టానికి వర్తించదు. పాలసీ కాగితం ముందే చదువుకోండి.

ఏ కారు?

ఇక్కడే ఎక్కువమందికి చేతి చమురు వదులుతుంది. తేలికైన, తక్కువ పవర్ కారా, బరువైన వేగవంతమైన కారా అన్నప్పుడు మనసు రెండోదాని మీదికే పోతుంది. ఒక్క లెక్క వేసి చూడండి. బ్రేకులు మింగాల్సిన శక్తి బరువుతో పాటు, వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. వెయ్యి కిలోల కారు 140 కిలోమీటర్ల వేగం నుంచి ఆగుతోందనుకోండి. 1,600 కిలోల కారు అదే స్ట్రెయిట్ చివర 200 వేగంతో వస్తుంది. బ్రేకుల్లో పుట్టే వేడి మూడు రెట్లు దాటిపోతుంది. ప్యాడ్లు, డిస్కులు, టైర్లు, ఇంధనం అన్నీ ఆ లెక్కనే కరిగిపోతాయి.

ఆ వేడి పాదానికి ఎలా తెలుస్తుందో కూడా చెప్పాలి. డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అది గాల్లో తేమ పీల్చుకున్నాక ఈ హద్దు 155కి దిగుతుంది. మూడో సెషన్‌లో, పొడవాటి స్ట్రెయిట్ చివర, పెడల్ ఎప్పుడూ ఆగే చోట ఆగదు. ఇంకో రెండు అంగుళాలు మెత్తగా కిందికి పోతుంది. ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు కట్టిందన్నమాట. అప్పుడు పెడల్‌ని రెండు మూడుసార్లు వేగంగా కొట్టి ఒత్తిడి తెచ్చుకుని, ఆ ల్యాప్ నెమ్మదిగా ముగించి పిట్‌లోకి రావాలి. తేలికైన కారుకి తాజా ఫ్లూయిడ్, మంచి ప్యాడ్లు వేస్తే చాలావరకు ఈ బాధ ఉండదు. బరువైన కారుకి ప్యాడ్లని డిస్కులకి నొక్కే కాలిపర్లు పెద్దవి, బ్రేకులకి గాలి గొట్టాలు అంటూ జాబితా పెరుగుతూనే ఉంటుంది.

అందుకే 1989లో వచ్చిన మజ్డా మియాటా ఇన్నేళ్ల తర్వాత కూడా ఔత్సాహిక రేసింగ్‌లో ఉంది. దాదాపు టన్ను బరువు, వెనుక చక్రాల డ్రైవ్, చవకగా దొరికే విడిభాగాలు, స్పెక్ మియాటా అనే సొంత క్లాస్. స్పెక్ క్లాస్ అంటే అందరికీ ఒకే సస్పెన్షన్, ఒకే టైరు. డబ్బు పోసి కొనుక్కోగలిగే తేడా తక్కువ కాబట్టి ఓడిపోతే ఎందుకో వెతుక్కోవాల్సింది డ్రైవర్‌లోనే. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కూడా చెడ్డ ఎంపిక కాదు, ముందు టైర్లు త్వరగా అరుగుతాయి అంతే. మీకు దగ్గర్లోని సర్క్యూట్‌లో ఏ స్పెక్ క్లాస్‌లో గ్రిడ్ (రేసు మొదలయ్యే చోట కార్లు నిలిచే వరుసలు) నిండుతోందో చూసి, ఆ కారే కొనండి. ముగ్గురే వచ్చే క్లాస్‌లో కప్పు దొరుకుతుంది కానీ రేసింగ్ దొరకదు.

ఒక్కరే కూర్చునే, చక్రాలు బయటికి కనిపించే ఫార్ములా కార్ల వైపు మనసుంటే ఫార్ములా వీ, ఫార్ములా ఫోర్డ్ చూడొచ్చు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాలతో తయారయ్యే ఫార్ములా వీ 1963 నుంచి, ఫార్ములా ఫోర్డ్ 1967 నుంచి నడుస్తున్నాయి. రెండిటికీ గాలి ఒత్తిడితో కారుని నేలకి అదిమే రెక్కలుండవు. తర్వాత ఫార్ములా వన్ చాంపియన్లైన ఇద్దరిలో నికి లౌడా ఫార్ములా వీ నడిపి పైకొచ్చాడు, అయర్టన్ సెన్నా 1981లో ఫార్ములా ఫోర్డ్‌లో మొదలుపెట్టాడు. తేలిక కాబట్టి టైర్లు, బ్రేకుల ఖర్చు బాగా తక్కువ. కానీ పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ కూర్చునే సీటుండదు, రోడ్డు మీద నడపలేరు కాబట్టి ట్రైలర్ తప్పదు. చక్రానికి చక్రం తగిలితే కారు గాల్లోకి లేచే ప్రమాదం కూడా ఉంది. కార్టింగ్‌లో బాగా నలిగినవాళ్లకి ఇవి నప్పుతాయి. మిగతావాళ్లు టాప్ ఉన్న కారుతో మొదలుపెట్టడం క్షేమం.

రేస్ కారు కట్టించుకోవాలా, కట్టిన కారు కొనాలా అంటే, కట్టిందే కొనండి. ఇందులో రెండో మాట లేదు. కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే ఇనప గొట్టాల రక్షణ చట్రం) వెల్డింగ్, సీటు, బెల్టులు, మంటలార్పే సిస్టమ్ మీద పాత ఓనర్ పెట్టిన డబ్బులో పెద్ద భాగం అమ్మేటప్పుడు తిరిగి రాదు, ఆ లాభం మీదే. కేజ్ ఇప్పటి రూల్స్‌కి సరిపోతుందో లేదో, కారు లాగ్‌బుక్‌లో ప్రమాదాలు ఉన్నాయో లేదో, బెల్టుల మీద తేదీలు ఏంటో చూసుకోండి. విడి చక్రాలు, స్పేర్ గేర్‌బాక్స్ కలిపి ఇస్తుంటే బేరం ఇంకా బాగున్నట్టే.

రోజూ ఆఫీసుకి వెళ్లే కారునే సగం రేస్ కారుగా మార్చడం మాత్రం వద్దు. హెల్మెట్ లేకుండా నడిపేటప్పుడు చిన్న ప్రమాదం జరిగినా తల వెళ్లి రోల్ బార్ ఇనప గొట్టానికి తగలొచ్చు. కంపెనీ సీటుకి నాలుగు పాయింట్ల బెల్టు బిగిస్తే, ఢీకొన్నప్పుడు నడుము దగ్గరి బెల్టు పైకి జారి ఒళ్లు దాని కిందనుంచి ముందుకి దూసుకుపోతుంది.

సొంతమా, అద్దెకా?

ఏడాదికి మూడు నాలుగు రేస్ వారాంతాలకి మించి వెళ్లలేకపోతే అద్దె కారు మేలు. టీమ్ వాళ్లే కారుని సర్క్యూట్‌కి తెస్తారు, మెకానిక్ ఉంటాడు, మీరు హెల్మెట్ పట్టుకుని వెళ్తే చాలు. అంతకన్నా ఎక్కువసార్లు వెళ్లేవాళ్లకి సొంత కారు లెక్క కుదురుతుంది. అయితే ట్రైలర్, దాన్ని లాగే బండి, పెట్టుకునే చోటు, వారంలో రెండు మూడు సాయంత్రాలు కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. రాత్రి పదకొండింటికి వీల్ బేరింగ్ మార్చడం ఇష్టమైనవాళ్లకి ఇది భారం కాదు, అదో ఆనందం.

అద్దె ఒప్పందంలో కొన్ని వాక్యాలు వేలు పెట్టి చదవాలి. ప్రమాదం జరిగితే మీ వాటా ఎంతవరకు? పైకి మార్చబోయి పొరపాటున కింది గేర్ వేసి ఇంజిన్ పాడైతే ఎవరు కట్టాలి? కారు తనంతట తనే మొదటి ల్యాప్‌లో ఆగిపోతే డబ్బు వెనక్కి వస్తుందా? ఈ మూడిటికీ కాగితం మీద జవాబు లేకపోతే సంతకం పెట్టొద్దు.

స్ప్రింటా, ఎండ్యూరెన్సా?

పక్కపక్కన కార్లతో మొదటి రేసు ఏదై ఉండాలన్న దానిమీద అనుభవజ్ఞులు రెండు వర్గాలుగా చీలిపోతారు. నా ఓటు ఎండ్యూరెన్స్‌కే.

స్ప్రింట్ రేసు ఇరవై నుంచి నలభై నిమిషాలు. అందరూ ఒక్కసారిగా మొదటి మలుపులోకి దూసుకొస్తారు. గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే, ఎప్పుడూ బ్రేక్ నొక్కే గుర్తు ముందు కారు చాటున కనబడకుండా పోతుంది. పక్కపక్కనే ఉన్న మూడు కార్లు రెండింటికే చోటున్న మలుపులోకి వెళ్తాయి. కొత్తవాళ్లకి ఆ తొలి ల్యాప్‌లోనే ఎక్కువ దెబ్బలు తగులుతాయి, కారు పాడైతే వారాంతం మొత్తం పోయినట్టే. నేర్చుకునే సమయం తక్కువ, పోయే అవకాశం ఎక్కువ.

ఎండ్యూరెన్స్‌లో నలుగురైదుగురు కలిసి ఒకే కారుని ఏడెనిమిది గంటల నుంచి ఇరవై నాలుగు గంటల దాకా నడుపుతారు. ఒక్కొక్కరికి గంటన్నర, రెండు గంటల విడత (స్టింట్) వస్తుంది. 2006లో అమెరికాలో మొదలైన 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ లాంటివి అచ్చంగా మనలాంటి వాళ్ల కోసమే పుట్టాయి. రక్షణ సామాను పక్కనపెడితే కారు విలువ 500 డాలర్లు దాటకూడదన్నది దాని మూల నియమం. ఖర్చు పంచుకుంటారు. ఒకే స్టింట్‌లో మీకన్నా వేగంగా వచ్చే కార్లకి దారివ్వాలి, నెమ్మదిగా పోయేవాటిని దాటాలి, అద్దాలు చూసుకోవాలి, ముందు ప్రమాదం ఉందని చెప్పే పసుపు జెండాలు గమనించాలి. ట్రాక్ డేలో రానిదల్లా ఇక్కడ ఒంటబడుతుంది. ఇరవై నిమిషాలయ్యాక టెన్షన్ దిగిపోతుంది. గంట దాటాక ఏకాగ్రత ఎలా జారిపోతుందో, దాన్నెలా పట్టి నిలపాలో తెలుస్తుంది.

డ్రైవర్ మార్పు చూస్తే టీమ్ ఎంత సిద్ధంగా ఉందో తెలిసిపోతుంది. చాలా సిరీస్‌ల్లో ఇంధనం పోసేటప్పుడు లోపల ఎవరూ ఉండకూడదు. దిగేవాళ్లు పిట్ లేన్‌లో ఉండగానే రేడియో తీగ పీకేసి, బెల్టులు వదులు చేసి ఉంచుతారు. ఎక్కేవాళ్లు పొట్టివాళ్లైతే వీపు వెనుక మెత్త పడుతుంది. భుజం బెల్టులు తలని పట్టి ఉంచే మెడ మీది పరికరానికి పైన పడ్డాయా, మడతపడ్డాయా అని ఇంకొకరు కిటికీలోంచి వంగి లాగి చూస్తారు. ఇదంతా ఇంట్లో కారు ఆపి పదిసార్లు ప్రాక్టీస్ చేసిన టీమ్, ల్యాప్‌కి సెకను వేగంగా వెళ్లే టీమ్‌ని ఓడించడం మామూలే.

దీని లోటు డ్రైవింగ్‌లో లేదు, మనుషుల్లో ఉంది. శనివారం పొద్దున్నే ఒకరు కారుని గోడకి కొడితే మిగతా ముగ్గురూ చూస్తూ ఊరుకోవాలి. ఇంజిన్ పోతే ఎవరిది, ప్రమాదమైతే ఎవరిది, మధ్యలో మానుకుంటే వాటా ఏమవుతుంది అన్నది స్నేహితులైనా సరే ముందే రాసుకోవాలి. స్నేహితులైతే మరీనూ.

పోటీ కావాలి కానీ పక్కన ఇంకో కారు తగలడం వద్దనుకునేవాళ్లకి టైమ్ ట్రయల్ ఉంది. ఒక్కరే ల్యాప్ టైమ్ కోసం నడుపుతారు. నష్టం తక్కువ, కుటుంబానికి నచ్చజెప్పడం తేలిక. దీన్ని రేసింగ్‌కి ముందు మెట్టుగా మాత్రమే చూసేవాళ్లున్నారు కానీ, ఏళ్లతరబడి ఇందులోనే హాయిగా ఉన్నవాళ్లూ చాలామందే.

ఒంటి మీద వేసుకునేవి

హెల్మెట్లని పరీక్షించే స్నెల్ సంస్థ గుర్తు ఉన్నవాటిలో ఎస్‌ఏ రకం కొనండి, ఎం రకం కాదు. ఎం మోటార్‌సైకిళ్ల కోసం. ఎస్‌ఏలో లోపలి పొరకి మంటని తట్టుకునే పరీక్ష, రోల్ బార్‌కి తగిలే దెబ్బ పరీక్ష అదనంగా ఉంటాయి. ఈ ప్రమాణం అయిదేళ్లకోసారి మారుతుంది. పాత ప్రమాణానికి కొన్నాళ్లు గడువిచ్చి తర్వాత ఒప్పుకోరు కాబట్టి, డిస్కౌంట్‌లో దొరికే పాత స్టాక్ నిజానికి చవక కాదు. తల ముందుకి విసిరినట్టు కదలకుండా పట్టి ఉంచే హాన్స్ పరికరాన్ని ఫార్ములా వన్ 2003లో తప్పనిసరి చేసింది. ఆరు పాయింట్ల బెల్టు పెట్టుకున్న రోజునుంచీ అది మెడ మీద ఉండాలి. వీటిని సెకండ్‌హ్యాండ్‌లో కొనొద్దు.

లైసెన్స్, ఆపై మెట్లు

చాలా దేశాల్లో, మోటార్ రేసింగ్‌కి ప్రపంచ సమాఖ్య అయిన ఎఫ్‌ఐఏ గుర్తింపున్న ఒక జాతీయ సంస్థ లైసెన్సులు ఇస్తుంది. వైద్య పరీక్ష, రాత పరీక్ష లేదా స్కూలు సర్టిఫికెట్, కొన్ని రేసులు కొత్తవాళ్లుగా నడపడం మామూలు క్రమం. బ్రిటన్‌లో కొత్త రేసర్ కారు వెనుక పసుపు రంగు మీద నల్లటి ఇంటూ గుర్తు అతికిస్తారు. వెనకొచ్చేవాళ్లు కాస్త చూసి వెళ్తారు, అది నామోషీ అనుకోకండి.

అంతర్జాతీయ స్థాయిలో డ్రైవర్లని ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్‌గా విభజిస్తారు. ఔత్సాహికులు సాధారణంగా బ్రాంజ్‌లోకి వస్తారు. ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో 2024 నుంచి వచ్చిన ఎల్‌ఎంజీటీ3 క్లాస్‌లో ప్రతి కారులో ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండి తీరాలి. కార్ల డీలర్‌షిప్‌లు నడుపుకునే బెన్ కీటింగ్ 2022, 2023ల్లో లె మాన్‌లో ఔత్సాహికుల క్లాస్ గెలిచాడు. అలాగని అందరికీ అది లక్ష్యం కానక్కర్లేదు. అక్కడ చాలాసార్లు ఆ బ్రాంజ్ డ్రైవరే టీమ్ ఖర్చు మోస్తారు, మామూలు జీతగాళ్ల బడ్జెట్‌కి అది అందేది కాదు.

క్లబ్ స్థాయిలో ఒక క్లాస్ నుంచి పై క్లాస్‌కి ఎప్పుడు మారాలన్నదానికి, ల్యాప్ పొడవునా వేగం, బ్రేక్ వంటివి నమోదు చేసే డేటా లాగర్ జవాబు చెబుతుంది. మీ క్లాస్‌లో వేగంగా వెళ్లేవాళ్లని అడిగి వాళ్ల ల్యాప్‌నీ మీ ల్యాప్‌నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. చాలామంది అడిగితే ఇస్తారు. తేడా ఎక్కువగా బ్రేక్ నొక్కే చోట ఉండదు, బ్రేక్ వదిలే తీరులో, మలుపు మధ్యలో నిలుపుకున్న కనీస వేగంలో ఉంటుంది. అదే రకం కారులో వాళ్లకీ మీకూ ల్యాప్‌కి ఒక సెకను లోపు తేడా ఉంటే కొత్త క్లాస్ గురించి ఆలోచించొచ్చు. మూడు నాలుగు సెకన్లుంటే ఆ కొత్త కారు డబ్బుతో రెండు రోజులకి ఒక కోచ్‌ని, రెండు సెట్ల టైర్లని మాట్లాడుకోండి.